లప్పం పెట్టిన ఆకాశం

అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. కట్టుకున్న భార్యే దాన్ని మర్చిపోయింది, ఇక వీధిలో వాళ్ళ సంగతి చెప్పాలా! అందరికీ అతను లప్పం. రంగులేసేవాళ్ళలో చాలామంది గోడకి చిల్లు కనిపిస్తే దాని మీద రంగు కాస్త దట్టంగా పులిమేసి చేతులు దులుపుకుని పోతారు. మనవాడు అలా కాదు. మేకు దిగిన చోటైనా, చెద తిన్న చోటైనా, తుప్పు కొరికిన చోటైనా ముందు గీకాలి, లప్పం కూరాలి, ఆరనివ్వాలి, గరుకు కాగితంతో రుద్దాలి, ఆ తర్వాత కళ్ళు మూసుకుని వేలితో తడిమి చూడాలి. వేలికి ఏమీ తగలకపోతేనే బ్రష్షు ముట్టుకుంటాడు. "చిల్లు మీద రంగెయ్యడమూ, పుండు మీద పౌడరద్దడమూ ఒకటే" అంటాడు. ఒకసారి జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన ఇతని నాడి చూస్తున్నంతసేపూ ఇతను ఆయన వెనక గోడకున్న బీటని చూసి, "ముదరకముందే చూపించుకోండి సార్" అన్నాడట. అంత పిచ్చి.

ఆ పిచ్చే కొంప ముంచింది.

అక్కకి ఆపరేషనైంది. పిత్తాశయంలో రాళ్ళు. పెద్ద ప్రమాదమేమీ లేదని డాక్టర్లు చెప్పినా, లప్పం ఆస్పత్రి వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. తిరగడా మరి! అమ్మ పోయేనాటికి వీడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా రాదు. అక్క కాపురానికొస్తూ బట్టల పెట్టెతో పాటు తమ్ముణ్ణీ వెంటబెట్టుకొచ్చింది. పెంచింది, తిట్టింది, చదివించబోయింది, అది అబ్బకపోతే పనిలో పెట్టింది, పెళ్ళి చేసి వేరింటికి పంపింది. ఆమెకి పిల్లల్లేరు. బావ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. కరెంటు పని చేసేవాడు బావ. మీటర్లు బిగించేవాడు, ఫ్యాన్లు బాగుచేసేవాడు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా కలిపి గుప్పెడు మాటలైనా మాట్లాడని మనిషి. అక్కాబావల కాపురం గురించి లప్పానికి ఒకటే అభిప్రాయం. దాన్ని భార్య చెవిలో ఇల్లు కట్టుకుని మరీ పోరేవాడు. "మా అక్కా బావా ఎన్నేళ్ళు కలిసున్నారు! ఒక్కనాడు ఒకరినొకరు మాటన్నారా? నేనా ఇంట్లోనే పెరిగాను. చూసి నేర్చుకో!"

ఆ అక్క ఇంటికొచ్చేలోగా ఇల్లంతా రంగులేసి, గుమ్మంలో నిలబెట్టి, ఆమె నోరు తెరుచుకుని చూస్తుంటే చూడాలని లప్పం కోరిక. తాళం చెవి ఎలాగూ తన దగ్గరే ఉంది. నిచ్చెన, డబ్బాలు, భార్యా వెంట రాగా వెళ్ళి పనిలో దిగాడు.

ఇల్లంటే ఎంత! ముందు గది, మధ్య గది, వంటిల్లు, రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. అటూ ఇటూ పక్కవాళ్ళ గోడలు. మధ్య గదికి కిటికీ పెట్టే చోటే లేదు. తలుపులు మూస్తే పట్టపగలు కూడా చెయ్యి కనపడదు. అక్కాబావలు ఆ గదిలోనే పడుకునేవారు. చిన్నప్పుడు లప్పం పక్క ముందు గదిలో. తలుపు మూసి ఉన్న గదిలోకి వెళ్ళే అలవాటు అతనికి ఎప్పుడూ లేదు, పెద్దయ్యాక వచ్చినా ముందు గదిలో కూచుని కాఫీ తాగి పోయేవాడు.

ఇప్పుడు గోడలు కడుగుదామని లోపలికి వెళ్తే, మంచం పక్కన స్టూలు మీద టవల్ కప్పిన వస్తువొకటి కనిపించింది. టవల్ తీశాడు. బడిలో ఉంటుందే, ఆ గ్లోబు. రేకుది, పెద్ద గుమ్మడికాయంత ఉంది. ఏనాటిదో! సముద్రాలు పెచ్చులూడిపోయాయి, దేశాల సరిహద్దులు చెరిగిపోయి అన్నీ ఒకటైపోయాయి. పై సగం నిండా చిల్లులే. చిన్నవి, పెద్దవి, ఒంటరివి, గుంపులుగా ఉన్నవి. కింద నుంచి పాత వైరొకటి తోకలా వేలాడుతోంది. నడుం దగ్గర తిప్పితే రెండు ముక్కలుగా ఊడింది. లోపల ఓ హోల్డరు, దానికో బల్బు.

మీరైతే అప్పుడేం చేసేవారు? కాస్త ఆగి, రేకు డొల్లలో బల్బు ఎందుకున్నట్టు అని బుర్ర గోక్కునేవారు. లప్పమూ గోక్కున్నాడు. కానీ చిల్లు కనిపించాక అతని బుర్ర పని చెయ్యదు, చెయ్యి పని చేస్తుంది.

"పై నుంచి నీళ్ళు కారి తుప్పు తినేసింది. చూశావా, చిల్లులన్నీ పై సగంలోనే ఉన్నాయి," అన్నాడు భార్యతో, తెలిసిపోయినట్టు. "బావ దీంతో లైటేదో చెయ్యబోయి మధ్యలో వదిలేసుంటాడు. రేకులోంచి వెలుతురు వస్తుందా ఎక్కడైనా? అక్క పాపం పారెయ్యలేక టవల్ కప్పి దాచుకుంది."

"వదిన దాచుకున్నదాని జోలి మనకెందుకండీ?" అంది భార్య. "గోడలకేసుకోండి రంగు. దాన్ని మాత్రం వదినొచ్చాక అడిగి ముట్టుకోండి."

"అడిగితే ఇక అందులో ఆశ్చర్యమేముంటుందే!"

"అన్ని ఆశ్చర్యాలూ మంచివే అయ్యుండక్కర్లేదు" అని ఆమె వంటింట్లోకి పోయింది. ఆ మాట అతని చెవికి ఎక్కితే ఈ కథే లేదు.

అతనికప్పటికే కళ్ళముందు ఆకాశం కనిపించేసింది. కిటికీ లేని గదిలో ఒంటరిగా పడుకునే అక్కకి పక్కనే ఓ ఆకాశం! అబ్బ, ఏం ఆలోచన! ముందు వైరూ హోల్డరూ లాగి అవతల పారేశాడు. చిల్లుల చుట్టూ గీకాడు. లోపల గుడ్డ అంటించి, పైనుంచి ఒక్కో చిల్లులో లప్పం కూరాడు. ఎన్నున్నాయో, కూరీ కూరీ బొటనవేలు బొబ్బెక్కింది. రెండు ముక్కల్నీ బిగించి, నడుం చుట్టూ ఉన్న సందులోనూ లప్పమే పెట్టాడు. ఆరాక రుద్దాడు. కళ్ళు మూసుకుని వేలితో చుట్టూ తడిమాడు. కోడిగుడ్డు కూడా అంత నున్నగా ఉండదు.

తెల్ల ప్రైమరు వేశాక అసలు తంటా మొదలైంది. గోడకైతే నాలుగు మూలలుంటాయి, ఎక్కడ మొదలెట్టాలో ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. బంతికి మొదలేది, చివరేది? ఒక వైపు మబ్బు వేసుకుంటూ పోతే చుట్టూ తిరిగి మళ్ళీ ఆ మబ్బు తోకకే తగులుతాడు. రెండుసార్లు తుడిచేశాడు. చివరికి నడుం దగ్గర సాయంత్రం పెట్టాడు. కింద సగమంతా కాషాయం నుంచి గులాబీలోకి, అక్కడక్కడా గూటికి పోయే పిట్టలు. పైకి పోయేకొద్దీ ఊదా, ఆపైన నీలం, నెత్తిన కాటుకంత చీకటి. మబ్బుల్ని స్పాంజితో అద్దాడు. పాత పళ్ళ బ్రష్షుని తెల్లరంగులో ముంచి బొటనవేలితో చిమ్మితే ఆకాశం నిండా చుక్కలు పడ్డాయి. ఆ పైన నిండు చంద్రుడు, చుట్టూ బంగారు పొడితో సన్నని అంచు. దాని మీద వార్నిష్ కొట్టి దూరంగా నిలబడి చూసుకుని, "ఒరేయ్ లప్పం, నువ్వు మామూలోడివి కావురా!" అని తనని తానే మెచ్చుకున్నాడు. భార్య కూడా చూసి, "చేస్తే చేశారు గానీ, బాగా చేశారు" అంది. ఆవిడ నోట అంత మాట రావడం మామూలు విషయం కాదు.

అక్కని ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు మధ్యాహ్నం ఎండ మాడుస్తోంది. కడుపు మీద కుట్లు, ఒక చెయ్యి మరదలి భుజం మీద, అడుగులో అడుగు. ముందు గది గోడలు చూసి "అబ్బో, ఇది మా ఇల్లేనా?" అంది. లప్పం మొహం చేటంత అయింది. మధ్య గదిలోకి తీసుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టారు. పడుకోగానే ఆమె కళ్ళు మూసుకుంది.

"తలుపులు వేసెయ్యవే, అమ్మాయ్. టవల్ తీసి ఆ స్విచ్ నొక్కు," అంది మరదలితో. "ఆస్పత్రిలో ఒక్క రాత్రి నిద్రపోతే ఒట్టు. అది లేకపోతే నాకు ఊపిరే ఆడదు."

మరదలు బిత్తరపోయి మొగుడి వైపు చూసింది. లప్పానికి మాత్రం టవల్ అన్న మాట ఒక్కటే వినపడింది.

"నేను తీస్తానక్కా, ఉండు!" అని స్టూలు మంచం దగ్గరికి జరిపి, లైటు వేసి, తను మళ్ళీ కప్పి ఉంచిన టవల్‌ని గారడీవాడిలా లాగాడు. "చూడు!"

అక్క చూసింది. ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది. కళ్ళు విప్పారాయి.  లప్పానికి గుండె నిండిపోయింది. ఇది కదా తను కోరుకున్నది!

"నోట మాట రావట్లేదు కదూ? తిప్పి చూడు, వెనక వైపు ఇంకా బాగుంటుంది."

"చిల్లులేవిరా?" అంది అక్క.

"ఒక్కటి కూడా లేదక్కా!"

"చిల్లులేవి?"

"అన్నీ పూడ్చేశా! లోపల గుడ్డ అంటించి మరీ పూడ్చా. జన్మలో ఊడవు. నమ్మకం లేకపోతే కళ్ళు మూసుకుని తడిమి చూసుకో."

అక్క నిజంగానే చెయ్యి చాపింది. కళ్ళు మూసుకుని ఆ చుక్కల మీద, చంద్రుడి మీద, మబ్బుల మీద వేళ్ళతో వెతికింది. ఒకసారి చుట్టూ, మళ్ళీ ఇంకోసారి. ఆ వేళ్ళు మూడోసారి కూడా మొదలుపెట్టాక గానీ లప్పానికి ఏదో తేడా కొట్టలేదు.

"వైరు?"

"పాతదైపోయింది కదా అని... షాక్ కొడుతుందేమోనని..."

అక్క కడుపు పట్టుకుని పక్కకి ఒరిగిపోయింది. గొంతులోంచి వచ్చిన చప్పుడు ఏడుపో, నొప్పో తెలియలేదు. లప్పానికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"కుట్లు ఊడాయా అక్కా? అక్కా! ఏమే, డాక్టర్ని పిలువు! నిలబడ్డావేం!"

"డాక్టరెందుకురా," అంది అక్క గోడ వైపు తిరిగి. "నా ఆకాశం పోయింది."

"ఆకాశం ఇదిగో కదక్కా..."

"ఆ బొమ్మని అవతల పెట్టు!" అని అరిచింది. ఆ అరుపుకి కుట్లు గుంజి మళ్ళీ మూలిగింది. బావ పోయిన రోజున కూడా అక్క నోట అంత అరుపు రాలేదు. లప్పం నేల మీద చతికిలబడ్డాడు.

అక్కకి ఊపిరి కుదుటపడ్డాక, మరదలు నీళ్ళు తాగిస్తుంటే, ముక్కలు ముక్కలుగా చెప్పింది. కాపురానికొచ్చిన కొత్తలో ఈ గదిలో ఆమెకి నిద్రపట్టేది కాదు. తలుపు మూస్తే ఊపిరాడక లేచి దొడ్లోకి పోయి కూచునేది. "పెట్టెలో పెట్టి మూత పెట్టినట్టుంది" అంటే, బావ "ఈ వరసలో ఇళ్ళన్నీ ఇంతే, అందరూ బతకట్లేదా?" అన్నాడు. పెద్ద గొడవైంది. ఆవిడ మాట్లాడ్డం మానేసింది. బావ ఏ బడిలోనో ఫ్యాన్లు బాగుచేస్తూ, పారేసిన గ్లోబొకటి తెచ్చుకుని లోపల బల్బు బిగించాడు. మేకుతో పైన ఒక చిల్లు కొట్టాడు. చీకట్లో స్విచ్ నొక్కితే, అక్క తలకి సూటిగా పైకప్పు మీద ఒక చుక్క.

"అదేమిటని అడిగితే నోరు విప్పలేదు. నక్షత్రమన్నమాట. నన్ను క్షమించమని అడగడం రాదురా ఆయనకి. ఆ మాటంటే నోరు పడిపోతుందనుకునేవాడు. అప్పట్నుంచి అదే పద్ధతి. పోట్లాడుకోవడం, నేను మాట్లాడ్డం మానెయ్యడం, పొద్దున్నే లేచి ఆయన ఒక చిల్లు కొట్టడం. ఆ రాత్రి కొత్త చుక్క చూసి నేను పలకరించడం. గొడవ పెద్దదైతే పెద్ద మేకు, చిన్నదైతే చిన్న మేకు."

లప్పం నోరు తెరుచుకుని వింటున్నాడు.

"గొడవలా? నువ్వూ బావా? నేను ఒక్కసారి కూడా..."

"నీకు వినపడేలా పోట్లాడతామా?"

"మరి... మరి ఆ చిల్లులన్నీ..."

"అన్నీ గొడవలే!"

బావ కొట్టిన చిల్లుల్లో కూరీ కూరీ తన వేలు బొబ్బెక్కిన సంగతి గుర్తొచ్చి లప్పానికి దిమ్మ తిరిగింది. మూల నిలబడ్డ భార్య అంత బాధలోనూ ఊరుకోలేకపోయింది. "చూసి నేర్చుకోమన్నారుగా, విన్నారా?" అంది మెల్లగా. అతను వినిపించుకునే స్థితిలో లేడు. పొద్దున్నే మధ్య గదిలోంచి వచ్చే టక్ టక్ చప్పుడు చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నాడు! ఫ్యానో మీటరో బాగుచేస్తున్నాడనుకుని అటు తిరిగి పడుకునేవాడు. బావ పెళ్ళానికి క్షమాపణ చెప్పుకుంటున్న చప్పుడు అది! దాన్నంతటినీ తను లప్పంతో మూసేశాడు. పైగా గుడ్డ అంటించి మరీ!

"మళ్ళీ కొడతానక్కా," అన్నాడు. "అన్నీ మళ్ళీ తెరుస్తాను."

"ఎక్కడున్నాయో నీకు గుర్తున్నాయా?"

గుర్తు లేవు. చిల్లుని చూసిన మనిషి కాదు అతను, పూడ్చాల్సినదాన్ని మాత్రమే చూశాడు. తల దించుకున్నాడు.

"నాకు గుర్తున్నాయి," అంది అక్క ఇటు తిరిగి. "ఇన్నేళ్ళు వాటి కిందే పడుకున్నాను. పైకప్పు మీద ఒక్కో పెచ్చూ నాకు తెలుసు. ఫలానా పెచ్చు పక్కన ఫలానా చుక్క. తేనెపట్టు లాంటి మరకుంది చూడు, దాని..." అని పైకి చూసి ఆగిపోయింది.

పైకప్పు పాలరాయిలా మెరుస్తోంది. ఒక్క పెచ్చు లేదు, ఒక్క మరక లేదు.

"పైకప్పు కూడానా?" అంది అక్క.

లప్పం రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భార్య "నా మాట ఎప్పుడు విన్నారు గనక" అనబోయి, అతని భుజాలు కదలడం చూసి, నోరు మూసుకుంది. దొడ్లోకి వెళ్ళి పాత సామాన్ల గోతాం తెచ్చి అతని ముందు కుమ్మరించింది. అందులో పాత వైరూ, హోల్డరూ ఉన్నాయి.

"నేను పారెయ్యనివ్వలేదులెండి. ఏడుపు తర్వాత. లేవండి ముందు."

లేచాడు. గ్లోబు విప్పాలంటే నడుం దగ్గర పెట్టిన లప్పం కొయ్యాలి. బ్లేడు తీసుకుని తను వేసిన సాయంత్రం మీదే గీత పెట్టాడు. గులాబీ రంగు రేకలు రేకలుగా లేచింది, పిట్టలు సగానికి తెగాయి. లోపల అంటించిన గుడ్డలు పీకాడు. వైరు తొడిగి, బల్బు బిగించి, మళ్ళీ మూశాడు. మరదలు తలుపులు వేసి, సందులకి దుప్పట్లు అడ్డం కట్టి, గది లైటు ఆర్పి స్విచ్ నొక్కింది.

ఏమీ లేదు. కటిక చీకటి. బ్లేడుతో కోసిన సందులోంచి సన్నటి వెలుతురు గోడల చుట్టూ గీతలా పడింది, అంతే. ఆ చీకట్లో అక్క ఊపిరి బరువుగా, తొందరగా వినపడుతోంది. ఈ గదిలో ఆమె ఇంత చీకటి చూసి ఎన్నేళ్ళయిందో! కిటికీ లేని గది ఎలా ఉంటుందో లప్పానికి ఇప్పుడు అర్థమైంది. భయమేసింది.

"చెప్పక్కా. ఎక్కడ కొట్టను?"

"నా తల మీద. సూటిగా. అది మొదటిది."

మేకు పెట్టి సుత్తితో దెబ్బ వేశాడు. వార్నిష్ చిట్లింది. చీకటి పైకప్పు మీద తళుక్కుమని చుక్క పడింది. లప్పం ఒళ్ళు జలదరించింది. తను అంత కష్టపడి వేసిన చుక్కలేవీ అలా వెలగలేదు.

"అది కాదు. ఇంకాస్త గోడ వైపు."

తప్పు చిల్లులో లప్పం పెట్టి, పక్కన ఇంకోటి కొట్టాడు. "ఇంకొంచెం." మళ్ళీ పూడ్చి మళ్ళీ కొట్టాడు. "ఆఁ. అదే," అంది అక్క. ఆమె ఊపిరి కాస్త నెమ్మదించింది.

పెచ్చులూ మరకలూ లేవు గనక ఇక అంతా ఆమె జ్ఞాపకం మీదే. మొదటి చుక్క నుంచి జానెడు తలుపు వైపు ఒకటి. "సినిమాకి తీసుకెళ్ళి, ఎవరిదో ఫ్యూజు పోయిందని నన్నక్కడే వదిలేసి పోయాడు. అందుకది." దాని పక్కన రెండు చిన్నవి. "ఒకటి నా గొడుగు ఎవరికో ఇచ్చేసినందుకు. రెండోది, పోనీలే పాత గొడుగే కదా అన్నందుకు." మరదలు చీకట్లో కిసుక్కుమంది. అక్క కూడా నవ్వబోయి కుట్లు గుర్తొచ్చి "అమ్మో" అంది. కొన్నిటి దగ్గర ఆమె ఏమీ చెప్పలేదు. "ఇక్కడ పెద్ద మేకుతో" అని మాత్రం అని ఊరుకుంది. పిల్లల్లేని ఇంట్లో పెద్ద మేకు ఎందుకు పడిందో లప్పం అడగలేదు. కొన్నిటి చోటు ఆమెకే గుర్తు రాలేదు. "ఈ మధ్యలో ఇంకోటి ఉండాలిరా... ఏమిటో... పోయింది" అన్నప్పుడల్లా లప్పానికి ఎవరో గుండె మీద సుత్తి వేసినట్టయింది.

"ఇక తలుపు మీద," అంది అక్క. "అక్కడ గుత్తిగా ఉంటాయి. దగ్గరదగ్గరగా కొట్టుకుంటూ పో. కొలత అక్కర్లేదు."

"ఇన్నా? ఇవన్నీ దేనికక్కా?"

అక్క అటు ఒత్తిగిల్లితే మంచం కిర్రుమంది.

"దేనికక్కా?"

"నీకురా."

లప్పం చేతిలో సుత్తి ఆగిపోయింది.

"నాకా?"

"నిన్నెక్కడైనా హాస్టల్లో పడెయ్యమనేవాడు. పెళ్ళాంతో పాటు బావమరిదిని కూడా మెయ్యాలా అనేవాడు. ఆయన గిన్నెలో అన్నం తిని ఆయన వైర్లన్నీ కత్తిరించావు నువ్వు, మర్చిపోయావా? బడి మానేసినప్పుడు ఒకటి. ఇంట్లోంచి పారిపోయినప్పుడు ఒకటి. వీణ్ణి పంపించెయ్, లేదా నేను పోతానని అరిచినప్పుడు, అదిగో, అది పెద్దది."

లప్పానికి చెవులు గుయ్యిమన్నాయి. తనని మొదటిసారి పనికి తీసుకెళ్ళి, మేస్త్రీకి అప్పజెప్పి, ఓ కొత్త బ్రష్షు కొనిచ్చిన బావ! ఏనాడూ పల్లెత్తు మాటనని బావ! ఆ బావ తనని ఈ ఇంట్లో వద్దన్నాడా? ఒకసారి కాదు, గుత్తిలో ఉన్నన్నిసార్లా? ఇన్నేళ్ళూ బావ తనంటే ప్రాణం పెట్టాడని ఊరంతా చెప్పుకు తిరిగాడే!

"నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నాడు. గొంతు పసివాడిలా వచ్చింది.

"చెప్పడానికేముందిరా? అన్నాడు. పొద్దున్నే లేచి మేకు తీసుకున్నాడు. ప్రతిసారీ ఆయనే ఓడిపోయాడు. లేకపోతే నువ్వీ ఇంట్లో పెరిగేవాడివా?"

 లప్పం మొహం చొక్కా చేతికి తుడుచుకుని, గుత్తిలో ఒక్కొక్కటే కొట్టడం మొదలుపెట్టాడు. ఒక్కటి కూడా తప్పు పడలేదు. తలుపు మీద చుక్కలు ఒకదాని పక్కన ఒకటి పుట్టుకొచ్చాయి. గోడ వైపు కొన్ని ఖాళీలు ఖాళీలుగానే మిగిలాయి. అయినా గదిలో ఇప్పుడు మంచం కనపడుతోంది, అక్క మొహం కనపడుతోంది, స్టూలు మీద బంతి ఒళ్ళంతా పగుళ్ళతో, ఊడిపోతున్న నీలంతో ఎంత అసహ్యంగా ఉందో అదీ కనపడుతోంది. దాని నెత్తిన చంద్రుడు మాత్రం చెక్కు చెదరకుండా ఉన్నాడు.

"చాలురా," అంది అక్క. "నాకు గుర్తున్నవి ఇంతే."

లప్పం మేకు తీసుకుని, అక్క చెప్పకుండానే, చంద్రుడి నడిబొడ్డున పెట్టి ఒక్క దెబ్బ వేశాడు. బంగారు అంచు చిట్లి కింద పడింది. పైకప్పు మధ్యలో కొత్త చుక్క వెలిగింది.

"అక్కడ కాదు," అంది అక్క వెంటనే. "అక్కడెప్పుడూ ఏమీ లేదు. అది ఆయనది కాదు."

"కాదక్కా. అది నాది."

అక్క చాలాసేపు ఆ చుక్కనే చూసింది.  

"మరీ చిన్నదిరా," అంది అక్క చివరికి. "నువ్వు చేసిన పనికి అది ఏ మూలకి? పెద్దది చెయ్."

లప్పం పనిముట్ల పెట్టె ముందుకి లాక్కుని, అందులో అన్నిటికన్నా లావుపాటి మేకు కోసం వెతకసాగాడు.